నేను చదివి వినిపించిన కార్డు

ఏడేండ్ల నాలుగు నెలలు ఈ సంగతి దాచాను. పాస్టరుగారికి చెప్పలేదు. ప్రార్థనలో కూడా, దేవునికి తెలిసిందే కదా అని దాటేశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను రిటైరైన టీచర్ని. నల్లగొండలో మా చర్చి హాజరు పుస్తకం రాసేది నేనే. వాక్యం చదవడం మొదలైతే పుస్తకం మూస్తాను. తర్వాత వచ్చినవాళ్లు రానట్టే. వరుసగా మూడు ఆదివారాలు రాకపోతే, ఎందుకు రావడం లేదని పోస్టుకార్డు రాస్తాను.

ఆ పిల్ల పేరు మార్చి సరిత అంటాను. కోస్గి అవతలి ఊరు. గొర్లు కాసే ఇల్లు. ఆ ఇంట్లో యూనివర్సిటీ దాకా వచ్చింది ఆమె ఒక్కతే. హాస్టల్ స్నేహితురాలి వెంట మా చర్చికి వచ్చి, నమ్మి, బాప్తిస్మం తీసుకుంది. ఇంట్లో తెలియదు. "పరీక్షలయినంక నేనే చెప్త అవ్వా, అప్పటిదాంక జర ఎవ్వలకు చెప్పకు" అని నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ యేడు ఒక్క ఆదివారం తప్పలేదు. నా పక్కనే కూర్చునేది. మధ్యాహ్నం మా ఇంట్లోనే అన్నం తినేది.

రెండో యేడు విద్యార్థుల ప్రార్థన గుంపులో చేరింది. ఆదివారం పొద్దున ఒక మిద్దె మీది గదిలో కూడేవాళ్లు. పాటలు ఈమెనే పాడించేది. అది ముగించుకుని మా దగ్గరికి ఉరికొచ్చేసరికి ప్రసంగం సగమయ్యేది. మూడు వారాలు 'రాలేదు' అని రాశాను. నాలుగో వారం ఆరాధన అయ్యాక, ఆడవాళ్లందరి ముందు అడిగింది.

"అవ్వా, నీ ఎదురుంగనే కూసున్న కద! రాలేదని రాస్తివేంది?"

"ఆలస్యంగ వస్తే రానట్టే."

"అక్కడ దేవుడు హాజరేస్తుండు, గిక్కడ నువ్వు కొట్టేస్తున్నవు. మీరిద్దరు ఒకపారి కూసోని మాట్లాడుకోరాదు!"

అందరూ నవ్వారు. "టీచరమ్మకు దేవుడైనా బెల్లు కొట్టంగనే రావాలె" అని ఇంకొకామె అందుకుంది. నేనూ నవ్వాను. సరిత ఆ రోజు అన్నానికి రాలేదు. గుంపు పని ఉందట.

సాయంత్రం కార్డు రాశాను, బాప్తిస్మం తీసుకున్న సరిత మూడు ఆదివారాలుగా చర్చికి రావడం లేదని. అందరికీ వాళ్లున్న చోటికే పంపుతాను. సరితకు హాస్టల్‌కు పంపాలి. బాప్తిస్మం దరఖాస్తు తీసి, అందులో ఉన్న ఊరి చిరునామా రాశాను. పొరపాటనుకుంటున్నారా? చిరునామా రెండుసార్లు సరిచూసుకున్నాను.

తొమ్మిదో రోజు ఆమె నాయిన మా ఇంటికే వచ్చాడు. పంపినవారి చిరునామా నాదే కదా, అదొక్కటి పోస్టుమ్యాన్‌తో చెప్పించుకున్నాడట. భుజాన గొంగడి, చేతిలో కార్డు. చదువు రాదు.

"మా బిడ్డ సదువు సంగతేనా అమ్మా ఇది? ఊర్ల సదివిపిస్తే, ఫెయిలైందంటే నవ్వుతరని నీ కాడికే తెచ్చిన. జర సదువు."

చదువు సంగతే, బాగా చదువుతోంది, ఫికర్ పడకు. ఈ ఒక్క మాట చాలు. ఆయన బస్సెక్కి వెళ్లిపోయేవాడు. ఆ మాట నా నోటి దాకా వచ్చిందా? రాలేదు. నేను వెతికి చూశాను, రాలేదు. కళ్లద్దాలు పెట్టుకుని చర్చి పేరు నుంచి నా సంతకం దాకా ఒక్క అక్షరం వదలకుండా చదివాను.

"బాప్తిస్మం అంటే ఏందమ్మా?"

చెప్పాను.

"మరి మీ కాడికి రాకుంటె ఆదివారం ఎటు వోతాంది?"

"మిద్దె మీద గది ఒకటుంది. ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి కూర్చుంటారు."

ఒక్క అబద్ధం ఆడలేదు. ప్రార్థన అనే మాట మాత్రం వదిలేశాను. ఆయన కార్డు మడిచి, "నువ్వన్నా నిజం చెప్పినవు" అని నాకు దండం పెట్టి, నేరుగా హాస్టల్‌కు వెళ్లాడు. ఆ సాయంత్రమే బిడ్డను తీసుకుపోయాడు. ఆఖరి పరీక్షలకు అప్పటికి ఇరవై మూడు రోజులుంది. సరిత ఆ పరీక్షలు రాయలేదు. ఆ యేడే పెళ్లి చేశారని విన్నాను.

ఆ రోజు నేను కడుపు నిండా తిన్నాను. ఇది కూడా చెప్పాలి.

మరుసటి నెల ఆ గుంపు పిల్లలు ముగ్గురు మా ఇంటికి వచ్చారు. సరిత తమతో తిరగడం ఎవరో చూసి ఇంటికి చేరవేశారని వాళ్ల అనుమానం. పెద్దపిల్ల ఏడ్చింది. "మేమే ఆమెను సంఘానికి దూరం జేసినం అమ్మా. మా వల్లనే ఆమె సదువు పోయింది." ఇకనుంచి శనివారం కూడుకుంటామన్నారు, ఆదివారం చర్చికి టైముకు వస్తామన్నారు. వచ్చారు కూడా, తొమ్మిది మంది, వాక్యం మొదలుకాకముందే. పిల్లలను దారిలో పెట్టానని పాస్టరుగారు అందరి ముందు నన్ను మెచ్చుకున్నారు.

ఆ ముగ్గురూ వచ్చిన రోజు మా ఇంట్లో పెద్దపిల్ల నన్ను క్షమించమని అడిగింది. నేను ఆమె తల మీద చెయ్యి పెట్టి, క్షమించానన్నాను.

ఆ పిల్లల తప్పు ఏమీ లేదు. సరిత చదువు పోగొట్టింది నేను. ఈ మాట ఇన్నేండ్లలో మొదటిసారి రాశాను. కొంచెం ఊపిరాడుతోంది.