తూర్పున లేచిన ఇల్లు

కాలనీ మీటింగంటే నాకు మొదటి నుంచీ పడదు. మాట్లాడేవాళ్లు మాట్లాడిందే మాట్లాడతారు, వినేవాళ్లు ఫోన్లు చూసుకుంటారు, టీ వచ్చాక అందరికీ ఒక్కసారే ఇల్లు గుర్తొస్తుంది. కిందటేడు మాత్రం కొన్నాళ్లపాటు ఏ ఆదివారమూ మానకుండా వెళ్లాను. వారమంతా ఆఫీసు చేసి, సెలవు పూట కమ్యూనిటీ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడం ఎంత నీరసమో చెప్పలేను. అయినా వెళ్లక తప్పలేదు.

సంగతేమిటంటే, ఏలూరులో మా కాలనీ వేసిననాటి నుంచీ ఇళ్లకు పైన ఒక్క అంతస్తుకే అనుమతి. ఇప్పుడు దాన్ని సడలించి నాలుగు అంతస్తుల దాకా వదులుతామని, అభ్యంతరాలుంటే చెప్పమని టౌన్ ప్లానింగ్ వాళ్లు అడిగారు. అడిగిందే తడవు, మాకు తూర్పింటి ఆయన పాత ఇల్లు పడగొట్టి నాలుగంతస్తులు కట్టడానికి ప్లాను గీయించేసుకున్నారు. ఆయనకు మండవల్లి వైపు చేపల చెరువులున్నాయి. పిల్లల చదువులకని ముగ్గురన్నదమ్ములూ సంసారాలతో ఇక్కడికి వచ్చేశారు. ఉన్న గదులు చాలడం లేదు. మనిషి మంచివాడు. చెరువు పట్టిన రోజున మా గుమ్మంలోకి చేప రాకుండా ఉండదు. చెడ్డవాడైతే నాకింత అవస్థ ఉండేది కాదు.

నా అవస్థ మా తూర్పు వసారా గురించి. మా ఆయన తాడేపల్లిగూడెంలో లెక్కల మాస్టారుగా చేసేవారు. రోజూ పాసింజర్‌లో వెళ్లొచ్చేవారు. కళ్లలో నీటికాసులు, అదే గ్లకోమా, వచ్చి, ఆపరేషన్లయినా చూపు నిలవక, ముందుగానే ఉద్యోగం మానేశారు. ఇప్పుడాయనకు మనుషులు కనిపించరు, నేనూ కనిపించను. వెలుతురొక్కటే తెలుస్తుంది, అదీ ఎండ నేరుగా మొహం మీద పడితేనే. మిగతా వైపులన్నీ పక్కిళ్ల గోడలు, డాబా మెట్లేమో నిటారుగా ఉంటాయి. అందుకని పొద్దున్నే వసారాలో కుర్చీ వేసుకుని తూర్పుకు తిరిగి కూర్చుంటారు. ఆ కాసేపూ ఆయన మొహం పెళ్లినాటి మొహంలా ఉంటుంది. మిగతా రోజు ఈదడానికి ఆయనకు అదే ఆధారం. నాకూ అదే.

చూపు పూర్తిగా పోయిందని కాలనీలో ఎవరికీ తెలియదు. కాస్త మందగించిందని చెప్పుకొస్తున్నాం. ఇల్లూ వీధీ ఆయనకు కొట్టిన పిండి. నల్లద్దాలు పెట్టుకుని నా పక్కన నడుస్తుంటే ఎవరూ పోల్చలేరు. చెప్పేద్దామండీ అంటే ఒప్పుకోరు. "జాలి మొహాలు నాకు కనపడవు గానీ, జాలి గొంతులు వినపడతాయే. వద్దు," అంటారు.

మీటింగుల్లో ఒకరికి కార్లు ఎక్కడ పెట్టాలని బెంగ, ఒకరికి బోరు ఎండిపోతుందని బెంగ. మెయిన్ బజారులో కొట్టున్న ఆయనకు కింద షాపులకు పర్మిషనిస్తారా అని ఒకటే ఆరాటం. ఎవరో ఒకావిడ గాలీ వెలుతురూ పోతాయండీ అంటే, "పగలు కూడా లైటేసుకోండి," అని మిగతావాళ్లు నవ్వేశారు. అప్పుడే అర్థమైంది, వెలుతురు గురించి నోరెత్తి లాభం లేదని. నిజం చెప్పకూడదు, ఊరుకోకూడదు. ఇక మిగిలింది వాస్తు. నాకు దానిమీద నమ్మకం ఏ కోశానా లేదు. కానీ మావాళ్లు దేన్ని చూసి నవ్వినా వాస్తును చూసి నవ్వరు. లేచి నిలబడ్డాను.

"ఒక్క మాటండీ. మాకు తూర్పు మూతపడిపోతుందండీ. ఇంటి యజమానికి మంచిది కాదంటారు కదండీ," అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు.

ఫోన్లన్నీ ఒళ్లోకి దిగాయి. తూర్పింటాయన మొహం పాలిపోయింది. "అయ్యయ్యో! ముందే చెప్పద్దాండీ అక్కగారూ? మాస్టారికి కీడు చేసే పని నేను చేస్తానాండీ?" అన్నారు. గెలిచేశాననుకున్నాను.

మా కాలనీ ప్రెసిడెంటుగారు రిటైరైన ఇంజనీరు. రిటైరయ్యాక వాస్తు పట్టుకున్నారు. ఆయన చెయ్యెత్తి, "కంగారు పడకండమ్మా. దీనికి విరుగుడుందండీ. మీ డాబా మీద నైరుతి మూల దిమ్మ కట్టించి, నీళ్ల ట్యాంకు దానిమీదకి ఎక్కించండి. నైరుతి లేచిందంటే తూర్పు ఎంత లేచినా మీకేం భయం లేదండీ," అన్నారు.

"ఆ దిమ్మ మా మేస్త్రీ చేతే కట్టిస్తానండీ," అన్నారు తూర్పింటాయన. "ముందు మీ పనేనండీ, ఆ తర్వాతే మా పునాది."

హాలంతా చప్పట్లు కొట్టింది. తీసిన గోతిలో నేనే పడ్డాను. దోషం పోయాక కూడా వద్దంటే కుళ్లుబోతుదనుకుంటారు. పక్కనున్న మా ఆయన వైపు వంగి, "చెప్పేయనాండీ?" అన్నాను. ఆయన నా చెయ్యి గట్టిగా నొక్కి, పాఠం చెప్పే గొంతుతో, "కట్టుకోండి. పిల్లలకు చోటు కావాలి కదండీ," అన్నారు. అందరూ చేతులెత్తారు. టీ వచ్చింది.

ఇంటికొచ్చేదాకా ఆయన మీద మండిపడుతూనే ఉన్నాను. గేటు తీస్తుంటే ఆయన, "గుడ్డివాణ్ణని చెప్పి వాళ్ల ఇల్లు ఆపించి, ఆ ఎండలో ఎలా కూర్చోమంటావే?" అన్నారు. నేను గేటు గడియ పెట్టేశాను.

అన్నట్టుగానే ముందు మా దిమ్మే లేచింది. చూసినవాళ్లంతా ఇక మీకు తిరుగులేదండీ అన్నారు. తర్వాత వాళ్ల ఇల్లు లేచింది. శ్లాబు వేసిన ప్రతిసారీ మాకు స్వీట్లొచ్చాయి. ఎండ రోజురోజుకీ ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. చివరికి అది మా వసారాకు అందేసరికి నడినెత్తిన ఉండేది, మొహానికి అందేది కాదు.

రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో ఒక పొద్దున ఆయన ఎప్పటిలాగే వసారాలో కూర్చుని, మొహం పైకెత్తి చాలాసేపు చూశారు. గోడకవతల మేస్త్రీలు కేకలు వేసుకుంటున్నారు.

"ఇవాళ మబ్బు పట్టినట్టుందే," అన్నారు.

"అవునండీ. బాగా పట్టింది," అన్నాను.

"వానొస్తుందేమో. డాబా మీద బట్టలు తీసెయ్యి."

పైకెక్కాను. ఆ ఇంటి నీడ దాటిన చోటల్లా ఎండ చిటచిటలాడుతోంది. బట్టలు తీసి కిందకొచ్చి, ఆయనకు వినపడేలా కిటికీలు కూడా మూశాను.