ఎడమ బుగ్గ

పనిలోకి దిగాడంటే మేస్త్రీ నోరు మేకుల పెట్టె అయిపోతుంది. చిట్టి మేకులు కాసిని ఎడమ బుగ్గన వేసుకుంటాడు. నాలుకతో ఒక్కోదాన్నీ తిప్పి, మేకు తల ముందుకొచ్చేట్టు పెదవుల మధ్యకు తోస్తాడు. సుత్తికి ఒక కొసన అయస్కాంతం ఉంటుంది. అది మేకును పెదవుల మీంచి అందుకుని, ఒక దెబ్బతో సోఫా చట్రానికి గుడ్డను పట్టేస్తుంది, రెండో దెబ్బతో బిగించేస్తుంది. ఒక చేత్తో గుడ్డ లాగిపట్టాలి, రెండో చేతిలో సుత్తి ఉండాలి. మూడో చేయి లేదు కాబట్టి ఆ పని నోరు చేస్తుంది. సోఫాల పని తెలిసినవాళ్ళంతా అలాగే చేస్తారు. బుగ్గన అప్పుడప్పుడూ గుచ్చుకుంటుంది, కాస్త రక్తం వస్తుంది, పుక్కిలించి ఊసేస్తారు. దర్జీ వేలికి సూది గుచ్చుకుంటే ఎవరైనా దిగులు పడతారా? ఇదీ అంతే.

షెడ్డులో పక్క బల్ల దగ్గర చట్రాలు చేసే వడ్రంగి వయసులో పెద్దవాడు. మేస్త్రీకి అన్నలాంటివాడు. "మావాడు ఈ పని ఎందుకు నేర్చుకున్నాడో తెలుసా? పెళ్ళాం తిడుతుంటే జవాబు చెప్పే అవసరం లేకుండా" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ తిట్టే పెళ్ళాం కూడా అక్కడే, కిటికీ పక్కన కుట్టుమిషను మీద కవర్లు కుడుతూ ఉండేది. "తిట్టు ఒక్కటైనా చెవిన పడితే కదా బావగారూ" అనేది తలెత్తకుండానే.

మేస్త్రీ సిగరెట్లు కాల్చేవాడు. షెడ్డు నిండా దూది, స్పాంజి, జిగురు డబ్బాలు. అగ్గిపుల్ల గీస్తే మొత్తం పోతుందని యజమాని లోపల కాల్చనిచ్చేవాడు కాదు. అందుకే కాల్చేదంతా ఇంట్లోనే కాల్చేవాడు. ఇల్లంటే మేడ మీద రెండు గదులు, ఒక కిటికీ. ఆమెకు ఆయాసం. చలి రోజుల్లో మెట్ల మధ్యలో కూలబడి, రెయిలింగు పట్టుకుని, గొంతులోంచి ఈల వేసినట్టు ఊపిరి తీసేది. అతను చేతిలో సిగరెట్టుతోనే కిందికి పరిగెత్తుకొచ్చి వీపు రాసేవాడు. అలా రాస్తూనే తన చేతికేసి చూసుకుని సిగ్గుతో చచ్చిపోయేవాడు.

మానెయ్యాలని చూడకపోలేదు. మానిన రోజుల్లో ఖరీదైన గుడ్డ అడ్డంగా కోసేసి యజమాని చేత మాటలు పడ్డాడు. ఇంట్లో గిన్నె చప్పుడైతే కసురుకునేవాడు. వారం తిరగకుండా మళ్ళీ మొదలుపెట్టేవాడు.

ఛాతీ డాక్టరు దగ్గరికి ఆమెను తీసుకెళ్ళింది అతనే. ఆ పెద్దాయన విసుక్కోకుండా మాట్లాడాడు. "మొత్తం మానెయ్యడమే మంచిది. ఎంత చేసినా మానలేనంటే, పొగ రాని పొగాకు ఆమె ఊపిరికి ఇంతకంటే నయమే. మీకు మంచిదని మాత్రం నేననను. దానితో వచ్చే జబ్బు దానితో వస్తుంది. నోరు చూపించుకుంటూ ఉండాలి" అన్నాడు. మేస్త్రీ చెవిలో 'నయమే' అన్న మాట ఒక్కటే పడింది. తర్వాత మాటలు తలుపు దాటేలోపే జారిపోయాయి.

ఆ సాయంత్రమే గుండ్రటి డబ్బా ఒకటి కొన్నాడు. అందులో గోరంత పొట్లాలు, లోపల తడి పొగాకు. చిగుళ్ళకూ బుగ్గకూ మధ్య ఇరికించుకుంటే చాలు. మొదటిరోజు కళ్ళు తిరిగి వాంతి చేసుకున్నాడు. మెల్లగా అలవాటైపోయింది. పనిలో మేకులు, పని ఆపితే పొట్లం, రెండింటికీ అదే ఎడమ బుగ్గ.

ఇంట్లో పొగ పోయింది. పరదాల వాసన మారింది. ఒక రోజు ఆమె కూరగాయల సంచీతో మెట్లన్నీ ఆగకుండా ఎక్కేసి, పైన గుమ్మంలో నిలబడి, తనకే నమ్మకం కుదరనట్టు వెనక్కి తిరిగి మెట్లకేసి చూసింది. "ఏమయ్యోయ్! నేనెక్కేశా!" అని కేక పెట్టింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. అప్పట్నుంచీ బజారుకెళితే డబ్బా ఆమే కొని తెచ్చేది.

షెడ్డులో మాత్రం ఈ విషయం మీద ఎప్పుడూ గొడవే. వడ్రంగి బీడీలు మానినవాడు కాదు, అయినా ఇది తనకు గిట్టేది కాదు.

"పొగ రాకపోతే పొగాకు కాకుండా పోతుందేంట్రా? గాండ్రించని పులైతే దాని నోట్లో తల పెడతావా?" అనేవాడు.

"నువ్వు గాండ్రించే పులినే చంకనేసుకుని తిరుగుతున్నావు కదన్నా" అని మేస్త్రీ.

యజమాని పేపరు మడిచి మధ్యలో దూరేవాడు. "కొన్ని దేశాల్లో ఇలా మారి బాగుపడ్డారని మొన్న రాశారు. అదంతా కంపెనీల మాయ అని ఇవాళ రాశారు. ఏది నమ్మాలో ఏంటో."

"రాసేవాళ్ళవి కాదు కదండీ బుగ్గలు" అనేవాడు వడ్రంగి.

"మీ వాదనలేవో నాకు తెలీదు బావగారూ. నేను మెట్లెక్కుతున్నాను, నాకంతే చాలు" అని ఆమె మిషను తొక్కేది.

కొన్నేళ్ళు అలాగే గడిచాయి. ఎడమ బుగ్గ లోపల తెల్లగా ఒక మచ్చ వచ్చింది. తర్వాత అది చిట్లి పుండయింది. మేస్త్రీ కంగారు పడలేదు. ముప్ఫై ఏళ్ళుగా మేకులు గుచ్చుకుంటున్న చోటు. ఈసారి వచ్చిన మేకుల పొట్లంలో తుప్పు ఉందనుకున్నాడు. యజమానితో పోట్లాడి వేరే రకం తెప్పించాడు. అయినా పుండు మానలేదు. మేకుల్ని నీళ్ళలో మరిగించాడు. అదీ లాభం లేకపోయింది. చివరికి తనకు తోచిన మంచి ఉపాయం చేశాడు: మేకుల్ని కుడి బుగ్గకు మార్చాడు. నాలుకకు కొత్త దారి నేర్పడానికి చాలా తిప్పలు పడ్డాడు. మేకులు కింద రాలిపోతుంటే వడ్రంగి పగలబడి నవ్వాడు. "ఎడమవైపు కాస్త రెస్టు ఇస్తున్నానన్నా, మానిపోతుంది" అన్నాడు మేస్త్రీ. ఆ ఎడమవైపున పొగాకు పొట్లం మాత్రం ఎప్పటిలాగే ఉంది. పుండు మంటను అది కాస్త మొద్దుబారుస్తోంది కూడా. అందుకని ఇంకాసేపు ఎక్కువ ఉంచుకునేవాడు.

అతను నోరు సరిగ్గా తెరవలేక ముద్దను చిన్నది చేసుకుంటున్నప్పుడు ఆమె కనిపెట్టింది. బలవంతాన నోటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ దీపం వేసి, పుండు చుట్టూ వేలితో నొక్కి చూసింది.

"ఏమైంది ఇక్కడ?"

"పనిలో మేకు గుచ్చుకుందమ్మా."

"మేకుతో ఇలా అవదు. ఇటువైపు ఇంకేం పెట్టుకుంటారు?"

అతను నేల చూశాడు. చెప్పింది పెళ్ళామే. చెప్పి, "ఛాతీ డాక్టరుగారు నయమన్నారమ్మా" అంది.

"మీ ఊపిరికి నయమని అనుంటారు. అది అబద్ధం కాదమ్మా. ఎక్కడో జాగ్రత్తగా చేసిన సరుకు సంగతి వేరు. మీ డబ్బాలో ఏమేం కలిపారో అమ్మేవాడికి కూడా తెలీదు. నోరు చూపించుకుంటూ ఉండమని చెప్పలేదా?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెప్పాడేమో. ఆమెకు గుర్తు లేదు. అతనికి లేశంగా గుర్తొచ్చింది.

ముక్క తీసి పరీక్షకు పంపారు. వచ్చిన మాట అందరూ భయపడిందే. బుగ్గ, కింది దవడలో కొంత తీసెయ్యాలి. మెడలో గడ్డ కూడా చేతికి తగులుతోంది, కాబట్టి తీసినా ఎంతవరకూ ఆగుతుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఆపరేషన్‌కు పిలిచేదాకా పొగాకు ఏ రూపంలోనూ ముట్టకూడదన్నారు. ముట్టుకుంటే గాయం మానదు.

డబ్బా ఆమే చెత్తబుట్టలో పారేసింది. అతనూ ఒప్పుకున్నాడు. పనికి వెళ్ళడం లేదు. కిటికీ దగ్గర కూర్చుంటే కాళ్ళు ఆడేవి, చెమటలు పట్టేవి. నొప్పి ఒకవైపు, ఆ తపన మరోవైపు. ఒక మధ్యాహ్నం కళ్ళు తుడుచుకుంటూ చెత్తబుట్ట కెలుకుతున్నవాణ్ణి ఆమె చూసింది. చెప్పులేసుకుని కిందికెళ్ళింది.

వచ్చేటప్పుడు సిగరెట్టు పెట్టె తెచ్చింది.

"ఇది కాల్చుకో" అంది.

"పిచ్చెక్కిందా నీకు?"

"ఆ పుండు మీద మళ్ళీ దాన్ని పెట్టకు. దీన్ని కాల్చుకో. నాకేం కాదు, ఇప్పుడు బాగానే ఉన్నాగా."

"నీ ఊపిరి..."

"నా ఊపిరి కోసమే కదయ్యా నువ్విలా అయ్యావు! కొని తెచ్చిందే నేను కదా!" ఆమె పెట్టె చింపి ఒకటి బయటికి తీసింది. "డబ్బా అయిపోతే గుర్తు పెట్టుకుని మరీ తెచ్చాను. నీకు మేలు చేస్తున్నాననుకున్నాను."

"నువ్వు తెచ్చావని కాదే. తప్పు మేకులదనుకున్నది నేను."

ఆమె అగ్గిపుల్ల గీసింది. అతని నోరు పూర్తిగా తెరుచుకోదు, పెదవులు ఎడమవైపు కదలవు. కుడి మూల నుంచి ఎలాగో ఒక దమ్ము లాగాడు. పొగ కొంత లోపలికి పోయింది, మిగిలింది గదిలో పరుచుకుంది. ఆమె పక్కకు జరగలేదు. కిటికీ తెరవడానికి లేవనూ లేదు. మొదట గొంతు సవరించుకుంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత భుజాలు ఎగిరెగిరి పడుతూ ఈల మొదలైంది.

మేస్త్రీ సిగరెట్టును గచ్చుకేసి రుద్ది ఆర్పేశాడు. ఆమె వీపు రాశాడు. ఈల తగ్గేదాకా రాస్తూనే ఉన్నాడు.

తగ్గాక ఆమె లేచి, గోడ పట్టుకుని వంటగదిలోకి వెళ్ళి, పప్పు డబ్బాల వెనక నుంచి గుండ్రటి డబ్బా తీసుకొచ్చింది. పారేసింది ఒకటి, దాచిపెట్టింది ఒకటి. మూత తీసి అతని ముందు పెట్టి, ముఖం గోడవైపు తిప్పుకుంది.

"కుడివైపు పెట్టుకో" అంది.

అతను కుడివైపే పెట్టుకున్నాడు.