మామయ్య పసుపు చక్రాలు

పోయిన నెలలో మా మామయ్య పోయారు. మా ఆయన తండ్రి. ముత్తంగి దగ్గర సర్వీసు రోడ్డు మీద కార్ల అల్లాయ్ చక్రాలు బాగుచేసే షాపు ఆయనది. వంగినవి సరిచేయడం, గీతలు పడ్డవి నునుపు చేసి మళ్లీ రంగు కొట్టడం, చిట్లిన అంచుకు వెల్డింగ్ పెట్టడం. ఆ మధ్యాహ్నం కూడా తన కుర్చీలోనే, తిరుగుతున్న చక్రం ఎదురుగా కళ్లు సగం మూసుకుని కూర్చున్నారు. ఎప్పుడూ అట్లాగే కూర్చుంటారు కనుక ఎవరికీ అనుమానం రాలేదు. టీ తెచ్చిన నేను కూడా నిద్ర చెడగొట్టడం ఎందుకని గ్లాసు పక్కన పెట్టి నా పనిలో పడ్డాను. కాసేపటికి చక్రం ఆగింది. ఆయన లేచి మళ్లీ తిప్పలేదు. అప్పుడు దగ్గరికి వెళ్లాను.

కళ్లు సగం మూయడం ఆయన పద్ధతి. చక్రాన్ని ఇరుసుకు తగిలించి, చేత్తో ఓసారి తిప్పి వదిలేసేవారు. కళ్లు బార్లా తెరిస్తే చక్రం కనబడుతుందట, సగం మూస్తే దాని ఊగులాట కనబడుతుందట. ఆ నెపంతో కునుకు తీస్తున్నారని నేనూ మా ఆయనా నవ్వుకునేవాళ్లం. అప్పుడప్పుడు గురక కూడా వినబడేది మరి. బయట లారీలు రోడ్డు అదిరేలా పోతుండేవి, రేకుల సందుల్లోంచి పడిన ఎండలో దుమ్ము మెల్లగా తేలుతుండేది, మధ్యలో చప్పుడు లేకుండా తిరిగే ఓ చక్రం. ఆ పూటల్లో షాపంతా ఆయనతో పాటు నిద్రలో ఉన్నట్టుండేది.

నిజానికి నేను ఆ షాపుకు మొదట వెళ్లింది పనికి కాదు, పోట్లాటకు. పెళ్లయిన కొత్తలో మా ఇంట్లో ముగ్గుపిండి నిలిచేది కాదు. ఓ శుక్రవారం పొద్దున్నే వాకిలి ఊడ్చి పేడనీళ్ల సాన్పి చల్లి చూస్తే డబ్బా అడుగు కనబడుతోంది. "నన్నేం అడుగుతవ్, మీ మామనడుగు పో" అంది అత్తమ్మ. కొత్త కోడలినన్న సంగతి కూడా మరిచిపోయి చరచరా షాపుకు వెళ్లాను.

"ఏంది మామా, ముగ్గుపిండంతా మీరే తెచ్చుకుంటున్నరట? కార్లకు ముగ్గులేస్తున్నరా?"

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "లొల్లి తర్వాత చేద్దువుగని. ఇటు రా బిడ్డా, జెర సూడు" అన్నారు.

బల్ల మీద రంగు గీకేసిన చక్రం వెల్లకిలా ఉంది. లోపలి వైపు అప్పటికే కిరోసిన్ పూసి నానబెట్టారట. పై వైపు నా ముగ్గుపిండి పలుచగా చల్లారు. తెల్లగా, మచ్చ లేకుండా ఉంది. ఏం చూడాలో తెలియక నిలబడ్డాను. కొంతసేపటికి ఆ తెలుపులో ఒక తడి గీత మొదలైంది. వెంట్రుకంత సన్నగా పుట్టి, చక్రం స్పోకు కమ్మీ మొదట్లోంచి అంచు దాకా మెల్లమెల్లగా నడిచింది. రోజూ పొద్దున్నే వేళ్లతో గీతలు గీసేదాన్ని, ఎవరి వేళ్లూ లేకుండా గీసుకున్న గీతను చూడటం అదే మొదలు.

"పగులు బిడ్డా. కంటికి కనబడది. గ్యాస్ నూనె సందుల్లకెల్లి ఇవతలికొస్తది, పిండి పట్టిస్తది. లేకుంటే అల్కగ దొరుకది."

పోట్లాట సంగతి నాకు మళ్లీ గుర్తు రాలేదు. ఆ తర్వాత కాజీపల్లి మందుల కంపెనీలో ప్యాకింగ్ పని మానేసినప్పుడు, ఇంట్లో ఊరికే కూర్చోలేక మామయ్య షాపులోనే రంగు కొట్టే పనికి కుదురుకున్నాను. కోడలిని గ్యారేజీలో నిలబెట్టావా అని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. "మీ కోడండ్లను గూడ పంపుండ్రి, పని శానా ఉంది" అనేవారు ఆయన.

పనికి కొదవ లేకపోవడం నిజమే. అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్లలో సెల్లారు మలుపు తిరిగే ప్రతి కారూ గోడకు చక్రం రాసుకుని మా దగ్గరికే వచ్చేది. అట్లాంటి గీతలంటే ఆయనకు లెక్కే లేదు, నవ్వుతూ చేసిచ్చేవారు. గుంతలో పడి వచ్చిన చక్రం దగ్గర మాత్రం మనిషి మారిపోయేవారు. కమ్మీ మొదట్లో పగులు ఉంటే వెల్డింగ్ పెట్టరు, రంగూ కొట్టరు. అది మళ్లీ ఎవరి కారుకూ ఎక్కకుండా గ్రైండర్‌తో అడ్డంగా కోసి, యజమాని చేతిలో పెట్టేవారు. దీని మీద ఎన్ని తగాదాలో! ఓ పెద్దమనిషి, "కారు అమ్మేస్తున్నాను, పైకి బాగా కనబడితే చాలు కదా" అన్నాడు.

"కొనెటోడు గూడ అండ్లనే కూసుంటడు గద సార్" అన్నారు మామయ్య, జాలిగా. ఆ పెద్దమనిషి కాసేపు గొణిగి, ఆఖరికి కోయమనే అన్నాడు.

కోసి ఊరుకుంటే మనిషి నడిచి పోవాలి. అందుకని ఆయన సైజుకు ఒకటి చొప్పున ఇనుప చక్రాలు గోడకు తగిలించి ఉంచేవారు. కొత్త చక్రం కొనుక్కునేదాకా వాడుకోమని కిరాయి లేకుండా ఇచ్చి పంపేవారు. మట్టి తవ్వే బండికి కొట్టగా మిగిలిన రంగేదో వాటికి పూశారు, ముదురు పసుపు. అందమైన కారుకు మూడు మెరిసే చక్రాలు, ఒకటి పసుపుది. సిగ్గుపడి జల్దీ తిరిగిస్తారని ఆయన ఎత్తు. కొందరికి ఆ సిగ్గూ ఉండేది కాదనుకోండి. బస్సులో సంగారెడ్డి పోతుంటే కిటికీలోంచి ఎక్కడో ఓ పసుపు చక్రం కనబడేది. "అగో, మనది పోతున్నది" అనేవారు, పొలంలో తన ఎద్దును గుర్తుపట్టినట్టు.

పని నేర్చుకునే రోజుల్లో ప్రతి చక్రానికీ ఆయన దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఇది మంచిదేనా మామా, ఇది పనికొస్తదా మామా? ఒకటే జవాబు: "నన్నేంది అడుగుతవ్. దాన్నడుగు." ఎన్నేళ్లు గడిచినా ఏ చక్రమైనా ఆయన ఓసారి చూస్తేనే షాపు దాటేది. ఆయన చూస్తారన్న ధీమాతోనే నేను చేశానని ఇప్పుడు తెలుస్తోంది.

పోయిన రోజు పొద్దున ఆయన ఇంకో చక్రానికి కిరోసిన్ పూసి పెట్టారు. కొల్లూరు డబుల్ బెడ్రూం కాలనీలో ఉండే క్యాబ్ డ్రైవర్‌ది. గుంతలో పడి వచ్చింది. అతని స్టెప్నీ అప్పటికే ఇంకో చక్రం స్థానంలో తిరుగుతోంది, మా దగ్గర ఆ సైజు పసుపు చక్రం ఎవరో పట్టుకుపోయి ఇంకా తేలేదు. కారు షాపు ముందే జాకీ మీద ఆగిపోయింది. "భోజనం చేసినంక సూద్దాం" అన్నారు మామయ్య. భోజనం చేశారు. చూడలేదు.

దినాలు అయ్యేదాకా షట్టర్ తీయలేదు. ఆ డ్రైవర్ రోజూ ఇంటికి వచ్చాడు, కుర్చీలు వేశాడు, వచ్చినవాళ్లకు నీళ్లందించాడు. చక్రం మాట ఎత్తలేదు. అతని బతుకు మా ఇంటి చావు దగ్గర ఆగిపోయిందని నాకు తెలుసు, అతనికీ తెలుసు. దశదినకర్మ నాడు ఒకాయన కారులో వచ్చి, మామయ్య ఫొటోకు దండం పెట్టి, డిక్కీలోంచి ఆ సైజు పసుపు చక్రమే తీసి గోడకు ఆనించాడు. "ఉన్నప్పుడే ఇయ్యాల్సింది" అంటూ కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడు షాపు తీశాను. కిరోసిన్ ఎప్పుడో ఆరిపోయింది. మళ్లీ పూశాను. డ్రైవర్ గడప దగ్గర కూర్చున్నాడు.

"అక్కా, సొట్టనే గద. సాపు చేసి పెయింట్ కొట్టియ్యక్కా. ఫ్యాక్టరీ స్టాఫ్ ట్రిప్పులు ఇంకోళ్లకు ఇస్తమంటున్నరు."

కొట్టి ఇవ్వాలనే నాకూ అనిపించింది. సుత్తి పిడితో తట్టి చూస్తే మంచిగానే మోగింది. ఆయన ఉంటే ఓసారి చూసి చెప్పేవారు. కుర్చీ వైపు తిరిగాను కూడా. అలవాటు పోదు కదా. ఖాళీ కుర్చీ, ఎండలో తేలుతున్న దుమ్ము. మధ్యాహ్నం దాకా నాననిచ్చి, ఇంట్లోంచి తెచ్చిన ముగ్గుపిండి చల్లాను. కనబడకూడదని మొక్కుకున్నాను. తెలుపు అట్లాగే ఉంది. అట్లాగే ఉంది. ఇక లేదనుకుని ఊపిరి వదిలేలోపు కమ్మీ మొదట్లో తడి చుక్క ఒకటి పుట్టి, నెమ్మదిగా నడక మొదలుపెట్టింది.

మామయ్య పోయిన రోజు నేను ఏడవలేదు. చేయాల్సిన పనులు చేశాను. ఆ గీత దగ్గర ఏడ్చాను. ఇక అడగడానికి ఎవరూ లేరని అప్పుడు నమ్మాను.

"పోయిందా అక్కా?" అన్నాడు డ్రైవర్.

"పోయింది తమ్ముడూ. పగిలింది. కోయాలె."

అతను తనే లేచి, కదలకుండా చక్రాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. కోశాను. టైరును పసుపు చక్రానికి ఎక్కించి కారుకు బిగించాం. కొత్తది కొన్నాక తెచ్చివ్వమన్నాను. "సిగ్గుతోని జల్దీ తెస్తలే అక్కా" అన్నాడు, ఏడుపూ నవ్వూ కలిసిన మొహంతో.

కారు సర్వీసు రోడ్డెక్కింది. నేను వెళ్లి మామయ్య కుర్చీలో కూర్చున్నాను. లారీల మధ్య, ఎండ మసకలో ఆ పసుపు చక్రం తిరుగుతూ పోతోంది. కళ్లు సగం మూసి చూశాను. లారీలు కనబడలేదు, కారూ కనబడలేదు. పసుపు రంగు ఒక్కటే తిరుగుతోంది. ఎక్కడా ఊగలేదు.