ఫ్రేములో ఇరుక్కున్న మా మిరప నారు

మొన్న ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక చెప్పులేసుకుంటుంటే మా అమ్మాయికి ఫోనొచ్చింది. చిలకలూరిపేటలో కంప్యూటర్ సెంటర్ నడిపే మాస్టారు పోయారని. అది అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చింది. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి, పెద్ద మాటలు రావు. కానీ ఆయన మాకు చేసిన మేలు నలుగురికీ చెప్పకపోతే నాకు అన్నం సహించదు.

ఆయన ముందు టైపు మాస్టారు. టైపు మిషన్లు మూలపడ్డాక కంప్యూటర్లు పెట్టారు. జిన్నింగ్ మిల్లు నుంచి తెచ్చుకున్న దూదితో పొద్దున్నే కీబోర్డులన్నీ తుడిచేవారు. ఎవరైనా టకటకా కొడితే, "నెమ్మదిగా. అక్షరం ఎక్కడికీ పారిపోదు" అనేవారు.

మా అమ్మాయికి మిరప నారు నర్సరీ ఉంది. షేడ్‌నెట్ కింద ట్రేలలో పెంచుతుంది. నారుకి ఒక వయసుంటుంది. అది దాటితే వేళ్ళు ట్రేలోని ఆ చిన్న గుంటల్లోనే చుట్టుకుపోతాయి, చేలో నాటినా కోలుకోదు. మా నారు రైతులకు చేర్చేది ఒక డీలరు. ఆయన ఎప్పుడు బండి పంపితే అప్పుడే నారు కదిలేది. రెండేళ్ళు వరసగా సగం ట్రేలు ముదిరిపోయి పారబోశాం. రైతులు నేరుగా తనకే ఫోన్ చెయ్యాలని అమ్మాయి పట్టుబట్టి సొంత వెబ్‌సైట్ పెట్టించింది. ఒక్క ఫోనూ రాలేదు. ఆ నెట్టు కింద నారే కాదు, మేమూ ఊపిరాడక ఇరుక్కుపోయినట్టుండేది.

మాస్టారి దగ్గరికి వెళ్ళాం. నేను గొప్పగా మా సైటు అడ్రసు అక్షరం అక్షరం కొట్టి, "చూడండి, వచ్చిందిగా!" అన్నాను.

ఆయన నవ్వారు. "మీ ఇల్లు మీకు తెలుసు కాబట్టి వచ్చారు. దారి తెలియని రైతు 'మిరప నారు' అని వెతికితే రావాలిగదండీ."

వెతికారు. డీలరు పేజీ వచ్చింది. మాది రాలేదు.

తర్వాత మా పేజీ వెనకున్న రాతంతా తెరిచారు. వెతికే యంత్రం ముందు చదివేది ఇదేనన్నారు. "ఇందులో మీ నారు ఎక్కడుందో చూపించండి."

వేలు పెట్టి కూడబలుక్కుంటూ పైనుంచి కిందిదాకా చదివాను. నర్సరీ పేరుంది. మధ్యలో డీలరు పేజీ అడ్రసు ఒక లైనుంది. నారు రకం ఒక్కటీ లేదు.

"అదేంటి మాస్టారూ, తెర మీద రకాలన్నీ కనిపిస్తున్నాయిగా?" అంది అమ్మాయి.

"కనిపిస్తాయమ్మా. మా కిటికీలోంచి పక్కింటోళ్ళ టీవీ కూడా కనిపిస్తుంది. అది నాదవుద్దా?"

అప్పుడు తెలిసింది తప్పు ఎక్కడో. రాసే పని తప్పుతుందని, అమ్మాయి వివరాలన్నీ డీలరుకి ఫోన్లో చెప్పేది. ఆయన రాసుకున్న పేజీనే ఫ్రేము కట్టి, అంటే కిటికీలోంచి చూపించినట్టు, మా సైటులో పెట్టించింది. అలాంటిదాన్ని వెతికే యంత్రం ఒక్కోసారి మన పేజీ కింద కూడా లెక్కేస్తుందట గానీ నమ్మకం లేదట. ఎక్కువగా ఆ రాత ఎవరి పేజీలో ఉంటే వాళ్ళకే పేరట.

"అయితే అదంతా చూసి మా పేజీలోకి దించేస్తా మాస్టారూ" అంది అమ్మాయి.

"వద్దు. ఒకే రాత రెండు చోట్ల ఉంటే అసలుది ఎవరిదో దానికి తేలదు. నువ్వు పెంచావు, నువ్వే రాయి. ఎండకి ఎలా అలవాటు చేశావు, ఎన్నో రోజు నాటుకోవాలి, అన్నీ."

నేను కోపంతో ఫ్రేములన్నీ పీకెయ్యమన్నాను. "మ్యాప్ ఫ్రేము ఏం చేసిందండీ పాపం? మీ నర్సరీకి దారి చూపిస్తోంది, ఉండనివ్వండి" అన్నారు.

వారం రోజులు అమ్మాయి ఆయన పక్కన కూర్చుని రాసింది. ఆ తర్వాత నేను రోజూ ఫోన్ చేసి "వెతికితే మాదొచ్చిందాండీ?" అని ఆయన ప్రాణం తీసేవాణ్ణి. "ఏవండీ పెద్దాయనా, విత్తనం మొలిచిందా లేదా అని రోజూ తవ్వి చూస్తారా మీరు?" అన్నారొకసారి. అయినా మర్నాడు మళ్ళీ చేశాను.

ఇంతలో ఆయాసం ఎక్కువై ఆయన మంచాన పడ్డారు. ఇక్కడ నారు వయసు దాటడానికి నాలుగైదు రోజులే ఉన్నాయి. డీలరు నుంచి కబురు లేదు. ఆ ఆదివారానికి ముందు శుక్రవారం మధ్యాహ్నం దర్శి వైపు నుంచి ఒక రైతు ట్రాలీ ఆటోతో వచ్చి దిగాడు.

"ఎవరు పంపారయ్యా?" అన్నాను.

"ఎవరూ పంపలేదు బాబాయ్. ఫోన్లో వెతికితే మీదొచ్చింది. ఎండకి అలవాటు చేసిన నారని రాశారుగా, అందుకొచ్చా."

నా సంతోషం ఏం చెప్పను! ఈ అరిగిన మోకాళ్ళతోనే గంతేశాను. అమ్మాయి వెంటనే మాస్టారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. ఆయన గొంతు సన్నగా వచ్చింది.

"అతనన్న మాట ఇంకోసారి చెప్పమ్మా."

"ఎవరూ పంపలేదంట మాస్టారూ. వెతికితే మనదొచ్చిందంట."

నవ్వులో దగ్గారో, దగ్గులో నవ్వారో. "మనది" అన్నారు. మేం విన్న ఆఖరి మాట అదే.

ఆ రోజు నారు ఎక్కించుకుని బండి బయల్దేరాక నేను హైవే దాకా వెంట నడిచాను. పత్తి బేళ్ళ లారీల మధ్య ఆ చిన్న ట్రాలీ, దాని అంచు పైకి తలలెత్తిన నారు. లారీ దాటినప్పుడల్లా అంతా ఒక్కసారే ఒక పక్కకి వాలి, మళ్ళీ లేచి నిలబడుతూ, కనుమరుగయ్యేదాకా పచ్చగా.