పెద్దమలుపులో దించిన డోలీ

అనంతగిరికి ఎగువనున్న ఆ గూడెంలో పట్టాలు పీకేసి ఏళ్లు గడిచినా రైలు కబుర్లు మాత్రం పోలేదు. పండగపూట జీలుగు కల్లు దించుకుని నలుగురు కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు మొదలుపెట్టేవారు. అది ఇంజను రైలు కాదు. యుద్ధం రోజుల్లో గుగ్గిలం దుంగలు కిందికి చేరవేయడానికి కంట్రాక్టరు వరహాలరావు వేయించిన సన్నపట్టాల లైను. ఖాళీ ట్రాలీలను ఎద్దులు కొండకు లాగేవి. దుంగలు నింపాక ట్రాలీ వాలులో తనంతట తానే దిగేది, వెనక ఒక మనిషి బ్రేకు పట్టుకుని నిలబడేవాడు. పట్టాల మధ్య పడుకుని లేవనని మొరాయించిన ఎద్దు సంగతి, పసుపుబట్టలతో ట్రాలీ ఎక్కి అత్తవారింటికి వెళ్లిన పెళ్లికూతురి సంగతి చెప్పుకుని పడీపడీ నవ్వేవారు. ఆ వరసలోనే ఎవరో నోరు జారి "తాగుబోతు మలుపు కాడ" అనేవారు. కిల్లో దొయిమతి అక్కడినుంచి లేచి వెళ్లిపోయేది.

ఆ తాగుబోతు ఆమె అన్న బుధు.

ట్రాలీకి బ్రేకు పట్టేది బుధే. బ్రేకు చెక్క అరిగిపోయిందని చెబుతూనే ఉన్నాడు. "ఈ ఒక్క లోడు దించు, కొత్త చెక్క వేయిస్తాను" అన్నాడు వరహాలరావు. పెద్దమలుపులో ట్రాలీ పట్టా తప్పింది. దుంగల కింద బుధు నలిగిపోయాడు. విచారణకొచ్చిన తాసీల్దారుతో వరహాలరావు, కల్లు తాగి తోలాడండీ, ఎంత చెప్పినా వినడు, అన్నాడు. ఆ పొద్దున అన్నకు చోడి అంబలి పోసింది దొయిమతే. అతని నోట కల్లు వాసన లేదని ఆమెకు తెలుసు. చెప్పబోతే ఎవరూ విననే లేదు. కొన్నాళ్లకు గూడెం వాళ్లు కూడా ఆ మాటే అనడం మొదలుపెట్టారు. అన్న చచ్చినందుకంటే అందుకే ఆమె కడుపు ఎక్కువ మండింది.

యుద్ధం అయిపోయింది, దుంగలకు గిరాకీ పోయింది, పట్టాలు పీకి లారీలకెక్కించారు. గెడ్డ వాగు మీద వంతెనకు వేసిన ఇనప దూలాలు మాత్రం మిగిలిపోయాయి. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు, వానలు తగ్గకముందే, వాటికోసం వరహాలరావు మళ్లీ కొండెక్కాడు. దొయిమతి గడప గడపా తిరిగింది.

"ఆడి దూలం మీద సెయ్యేసినోడు మా అన్న మీద మళ్లీ దుంగ దొర్లించినట్టే" అంది.

ఒక్కరూ పనికి వెళ్లలేదు. అతను మైదానం నుంచి కూలీలను తెచ్చుకున్నాడు. దూలం ఒకటైనా కదలకముందే అతనికి చలిజ్వరం పట్టుకుంది. ఆ జ్వరం తమకూ పట్టుకుంటుందని భయపడి కూలీలు రాత్రికి రాత్రే దిగిపోయారు. తెల్లారి అతని మేస్త్రి పైడయ్య గూడెంలోకి వచ్చి చేతులు జోడించాడు.

"మనిషి పోయేలా ఉన్నాడు. రోడ్డుదాకా మోయండి నాయనా."

దొయిమతి ముందుకొచ్చింది.

"మోత్తాం" అంది. అందరూ ఆమె వైపు వింతగా చూశారు.

డోలీ కట్టి, బుధుతో కలిసి ట్రాలీలు తోలిన గాసి, మరి ముగ్గురు భుజానికెత్తుకున్నారు. గూడెం సగం వెనక నడిచింది. పాత లైను బాటే దారి. పెద్దమలుపు రాగానే దొయిమతి చెయ్యి అడ్డం పెట్టింది.

"దించండి."

దించారు. వరహాలరావు కళ్లు తెరిచాడు.

"ఏమిటి, ఎందుకాగారు?"

"ఇది పెద్దమలుపు బాబూ. ఆ పొద్దు మా అన్న తాగినాడా?"

అతను మొహం తిప్పుకున్నాడు. "జ్వరంలో ఉన్నాను. తర్వాత మాట్లాడదాం."

"తరవాత నేదు. సెప్పు, నేదంటే ఇక్కడే వొగ్గీసి ఎలిపోతాం."

పైడయ్య నీళ్ల ఆనపబుర్ర అందించబోయాడు. దొయిమతి దాన్ని లాక్కుని నీళ్లన్నీ రాళ్ల మీద పారబోసింది.

"సచ్చిపోతాడే" అన్నాడు గాసి మెల్లగా.

"సావనీ. ఆడు కూడా తాగీసే సచ్చాడని నాను సెప్తాను."

వాన మొదలైంది. పైన కప్పిన దుప్పటి తడిసి ఒంటికి అంటుకుపోయింది. వరహాలరావు పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఎవరైనా కదులుతారేమోనని ఒక్కొక్క మొహమే చూశాడు. ఎవరూ కదల్లేదు.

"తాగలేదు" అన్నాడు చివరికి.

"నాకు కాదు. ఆళ్లకి సెప్పు, గట్టిగా."

"బుధు తాగలేదు! చెక్క అరిగిందన్నాడు. నేనే లోడు దించమన్నాను. చాలా?"

ముసలివాళ్లు తలలు దించుకున్నారు. ఇన్నాళ్లూ తాగుబోతన్న ఆ పేరు పలికింది తమ నోళ్లే కదా.

డోలీ మళ్లీ లేచింది. రోడ్డు మీద లారీ దొరికింది. వరహాలరావు బతికాడని తర్వాత సంతలో తెలిసింది. మళ్లీ కొండెక్కలేదు. దూలాలు గెడ్డలోనే తుప్పుపట్టాయి. అప్పటినుంచి లైను కబుర్లలో బుధు చావును అతని జతగాడు గాసే చెప్పేవాడు, బ్రేకు చెక్కతో సహా.

ఆ రోజు తిరిగొస్తూ గాసి ఆమెను అడిగాడు: "ఇప్పుడైనా కడుపు సల్లారిందా, సెల్లీ?"

తడిసిన కోక అంచు పిండుకుంటూ దొయిమతి కొండ ఎక్కుతూనే ఉంది.

"నేదు" అంది. "ఆడు మాట బేగి అనీసినాడు. ఆ వానలో ఇంకాసేపు అనకుండా ఆగీసుంటే బాగుణ్ను."