మీటరమ్మకు రీడింగ్ లేదట

ఏ గాజు కనబడినా ముందు బొటనవేలితో తుడుస్తుంది. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి. ఆ తర్వాతే చూస్తుంది. ఇరవయ్యారేళ్లుగా ఇంటింటి నీళ్ల మీటర్లు చదివిన వేలు అది. ఇంట్లో గోడ గడియారాన్ని కూడా అలాగే తుడిచి టైం చూస్తుంటే, "తుడవకపోతే ముల్లు ఆగిపోతుందటే?" అని వాళ్లక్క ఎగతాళి చేస్తుంది.

వీధుల్లో అందరూ మీటరమ్మ అంటారు. ఖాకీ చొక్కా, భుజాన సంచి, చెవి మీద పెన్ను, గేర్లు లేని నల్ల సైకిల్. పూలకుండీల వెనక, కుక్క గొలుసు పక్కన, తుప్పు మూత కింద ఎవరి మీటరు ఎక్కడ దాక్కుందో కంఠతా వచ్చు. "ఇన్ని నీళ్లు మేం వాడలేదమ్మా" అని ఎవరైనా అందుకుంటే, "మీ మాట రాసుకోవడానికి నా పుస్తకంలో గడి లేదండీ" అని అంకె రాసి, సంతకం పెట్టించుకుని, సైకిలెక్కేస్తుంది.

అక్కకు కిడ్నీలు పాడై మూడేళ్లు. వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆస్పత్రిలో యంత్రాలు రెండే. ఒకటి మొరాయించిన రోజు అక్క వాచిన కాళ్లు చాపుకుని సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుంటుంది. మూడో యంత్రానికి చందాలు పోగుచేయడానికి నాలుగు రోజుల సైకిల్ యాత్ర అని ఆ బెంచీ ఎదురుగోడకే కాగితం అంటించారు. మీటరమ్మ ఆ రోజే పేరిచ్చింది.

మూడు నెలలు, ఆదివారం ఆదివారం, ఊరి బయట డ్యామ్ దాకా తొక్కింది. పోను యాభై కిలోమీటర్లు, రాను యాభై, మైలురాళ్లు లెక్కపెట్టుకుంటూ. టైర్లు మార్పించింది. సీటు వేలెడు పైకి లేపించింది. సంచి సర్దింది, విప్పింది, మళ్లీ సర్దింది. "కాలికి బలపం కట్టుకుని తిరిగేదానివి, నీకు వేరే యాత్రెందుకే" అంటూనే అక్క ఆ సంచిలో తన ఉన్ని మేజోళ్లు కుక్కింది.

యాత్ర ఆదివారం. గురువారం సాయంత్రం జిమ్ హాల్లో చొక్కాలకు తగిలించుకునే నంబర్లు పంచారు. పంచుతున్నది జిమ్ కోచ్, యాత్రకు పెద్ద దిక్కు. ఆమె దగ్గరికొచ్చేసరికి జాబితా అటూ ఇటూ తిప్పాడు.

"ఆంటీ, మీకు రికార్డు లేదు."

"ఏం రికార్డు?"

"ఒకే రోజు వంద కిలోమీటర్లు తొక్కినట్టు ఫోన్‌లో చూపించాలి. అది రూలు."

ఆమె జేబులోంచి బటన్ల ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"తొక్కాను బాబూ. ఒకసారి కాదు, పదకొండుసార్లు."

"నేను నమ్ముతాను ఆంటీ. రూలు నమ్మదు కదా. ఓ పని చేయండి. ఆదివారం మీ అక్కగారిని తీసుకురండి, జెండా దగ్గర ఇద్దరికీ ఫొటో తీస్తాం. తర్వాత మీరు వ్యాన్‌లో కూర్చుని అందరికీ నీళ్ల సీసాలు అందించండి."

అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఫొటోకి మా అక్క కాళ్ల వాపు కావాలి. తొక్కడానికి నా కాళ్లు పనికిరావా? గేటుకు తాళం ఉంటే మేమేం చేస్తామో తెలుసా? పాత నెలలు చూసి సగటు వేస్తాం. పోయిన ఏడాది మీ ఇంటికే రెండుసార్లు వేశాను, నోరెత్తకుండా ఒప్పుకున్నావు. నా ఇరవయ్యారేళ్లకూ సగటు వెయ్యి. రోజుకి ఇరవై కిలోమీటర్లు. గుణించుకో!"

హాలంతా నవ్వింది. కోచ్ కూడా నవ్వాడు. "రేపు సాయంత్రం లిస్టు మూసేస్తాం ఆంటీ" అని జాబితా మడిచేశాడు.

ఆ నవ్వు ఇంటిదాకా వెంటే వచ్చింది.

"సీసాలందించాలట! నేను! జోరువానలో మీటరు గుంతలో చెయ్యి పెట్టి మూత వెతికినదాన్ని, వ్యాన్‌లో కూర్చోవాలట!" గిన్నెల మీద కోపమంతా చూపిస్తోంది.

అక్క మంచం మీంచి అంతా విని, మెల్లగా అంది. "నీ పుస్తకంలో మాటకు గడి లేదంటావు. వాడి పుస్తకంలోనూ లేదేమోనే."

"నువ్వు వాడి పక్షమా?"

"నేను మూడో యంత్రం పక్షం. ఆ గిన్నెకి సొట్ట పెట్టకు."

మీటరమ్మ చెయ్యి ఆగింది. కోపం తగ్గలేదు, దారి మళ్లింది. ఇన్నేళ్లలో తానూ ఎవరి మాటా రాసుకోలేదు, నిజమే. కాని కుర్చీలో కూర్చుని ఏ ఇంటికీ రీడింగ్ లేదనలేదు. వెళ్లేది. గేటు తీసేదాకా తట్టేది. వాడొక్కసారైనా తన కళ్లతో చూశాడా?

మర్నాడు పొద్దున ఐదున్నరకు కోచ్ ఇంటి గేటు తట్టింది. తీసేదాకా తట్టింది. అతను నోట్లో బ్రష్‌తో బయటికొచ్చాడు.

"ఈ నెల రీడింగ్ అయిపోయింది కదా ఆంటీ?"

"నీది అయింది. నాది కాలేదు. మోటార్‌సైకిల్ తియ్యి. డ్యామ్ దాకా పోయి వద్దాం. నేను ముందు, నువ్వు వెనక."

"వంద కిలోమీటర్లు మీ వెనకాలా? జిమ్ ఎవరు తెరుస్తారు?"

"తాళం వేసెయ్. వచ్చినవాళ్లు సగటు వేసుకుంటారు."

కోచ్ ఆమె వంక చూశాడు. కొత్త టైర్ల వంక చూశాడు. లోపలికెళ్లి నోరు కడుక్కొచ్చి, మోటార్‌సైకిల్ రోడ్డు మీదికి నెట్టాడు.

మీటరమ్మ వంగి దాని మీటరు గాజు తుడిచింది. కుడికి, ఎడమకి. అంకె రాసుకుంది. పుస్తకం అతని చేతిలో పెట్టి సంతకం చేయించుకుంది. సైకిలెక్కింది.