అమ్మ కోసం రాసిన లిస్బన్ లీవ్ లెటర్

మా చిన్నప్పుడు... బడి తెరిచే ముందు వచ్చే ఆదివారం పుస్తకాలకు అట్టలు వేసే రోజు. మూసాపేటలో ఒకే గది ఉన్న కిరాయి ఇల్లు మాది. చాప మీద కొత్త పుస్తకాలు, కత్తెర, గిన్నెలో ఉడికించిన మైదాపిండి... నేను ఐదో తరగతి, చెల్లె సుజాత మూడో తరగతి.

అమ్మ హైటెక్ సిటీలో ఒక ఆఫీసులో హౌస్ కీపింగ్ పని చేసేది. అక్కడ పారేసే రంగుల పుస్తకాలు అడిగి మా అట్టల కోసం తెచ్చేది. ఆ ఏడాది తెచ్చింది దేశాలు తిరిగేవాళ్ళ కోసం అచ్చేసిన పుస్తకం. నున్నటి కాగితం... దాని వాసన కూడా నాకింకా గుర్తే.

లెక్కల పుస్తకం కోసం ఒక పేజీ చింపాను. అందులో ఒక ఊరు! కొండల మీద కిక్కిరిసిన ఇండ్లు, ఎర్రటి పెంకులు, సన్నటి ఏటవాలు వీధి, ఆ వీధిలో పైకి ఎక్కుతున్న పసుపుపచ్చ ట్రాము బండి. కింద ఇంగ్లీషులో పేరు... కూడబలుక్కుని చదివాను. లిస్బన్.

"గిది కొయ్యకే అక్కా..." అంది సుజాత.

కొయ్యలేదు. ఆ బొమ్మ తలుపు వెనక అంటుకుంది. లెక్కల పుస్తకం ఏడాదంతా పాత న్యూస్ పేపర్ అట్టతోనే తిరిగింది.

ఇక ఆ రోజు నుంచి ఒకటే ప్లాను... లిస్బన్‌కు మూడు రోజుల టూరు. అంతకంటే ఎక్కువ బడి మానితే సారు ఊరుకోడు మరి! మొదటి రోజు పసుపు బండి, రెండో రోజు కొండ మీది కోట, మూడో రోజు బొమ్మ చివర కనబడే నీళ్ళు. అది నదో సముద్రమో మాకు తెలియదు... సముద్రమనే ఖాయం చేసుకున్నాం. తినడానికి సర్వపిండి, మామిడికాయ తొక్కు. ఇంట్లో ఉన్నది ఒక్కటే స్వెట్టరు కాబట్టి పూటకొకరు వేసుకోవాలని ఒప్పందం. ట్రాములో కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలన్న దాని మీద మాత్రం నెల రోజులు కొట్లాడుకున్నాం.

మా నాన్న... మేము బాపు అంటాం... తాపీ మేస్త్రీ. ఒక సాయంత్రం కాళ్ళు కడుక్కుని వచ్చి ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. "గింత ఏటవాలు మీద గోడ లేపుడంటే మాటలా? పునాది ఎట్ల తీసిన్రో జర దగ్గరికెళ్ళి చూడాలె" అన్నాడు. అంతే... బాపు కూడా టూరులో చేరిపోయాడు.

అమ్మే రానంది. "మీరు పోయి రాండ్రి బిడ్డా. నాకు డ్యూటీ ఉంటది."

నవ్వుతూనే అంది కానీ సుజాత నిజంగానే ఏడుపందుకుంది. "అమ్మ రాకుంటే నేను గూడ రాను!"

అమ్మ జ్వరమొచ్చినా పనికి పోయే మనిషి. సెలవు అడగడం ఆమెకు తెలియదు. అందుకే నేనే లీవ్ లెటర్ రాశాను. నాకు వచ్చింది బళ్ళో నేర్పించిన ఒకే ఒక్క లెటర్... 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్'. ఫీవర్ తీసేసి లిస్బన్ అని పెట్టాను. లిస్బన్‌తో బాధపడుతున్నాను, మూడు రోజులు సెలవు ఇప్పించండి... ఇట్లు, యాదమ్మ.

"మీ ఆఫీసు మేడంకియ్యి అమ్మా, సెలవిస్తది" అంటే చదువురాని అమ్మ మడిచి టిఫిన్ సంచిలో పెట్టుకుని పోయింది.

ఆమె బస్సెక్కాక బాపు అడిగాడు... "ఏం రాసినవే? తిక్కతిక్క రాస్తే పనిల నుంచి తీసేస్తరు."

ఆ రోజంతా బళ్ళో ఒకటే భయం... అమ్మ నౌకరి పోతే అది నా వల్లే... సాయంత్రం బడి నుంచి నేరుగా బస్టాపుకు పరుగెత్తి ఒక్కో బస్సూ చూస్తూ నిలబడ్డాను. మూడో బస్సులోంచి అమ్మ దిగింది... నవ్వు ఆపుకోలేకపోతూ!

మేడం ఒకసారి చదివి ముఖం చిట్లించిందట. రెండోసారి చదివి, కడుపు పట్టుకుని నవ్వి, పక్క సీట్ల వాళ్ళను పిలిచి చూపించి, అమ్మకు కూడా తెలుగులో చెప్పిందట. "ఈ జబ్బు ఎన్నాళ్ళ నుంచి యాదమ్మా?" అని అడిగితే అమ్మ ఏమందో తెలుసా...

"పిల్లలకున్నది మేడం. నాక్కూడ జర అంటుకున్నది."

మూడు రోజులు కుదరలేదు. శనివారం ఒక్కరోజు ఇచ్చింది... అమ్మ నోరు తెరిచి అడగకుండానే వచ్చిన సెలవు!

రెండు బస్సులు మారి గోల్కొండ కోటకు వెళ్ళాం. రోజూ ఆఫీసు మెట్లు తుడిచే అమ్మ ఆ రోజు మా అందరికంటే ముందు మెట్లెక్కింది. బాపు దారి పొడుగునా గోడలను అరచేత్తో తట్టి చూస్తూ వెనకబడ్డాడు. పైన గాలి... అమ్మ కొంగు ఒకచోట నిలవడం లేదు. సర్వపిండి తుంచి మా చేతుల్లో పెడుతూ, కిందికి కనబడే ఊరంతా తీరిగ్గా చూసి అంది...

"లిస్బన్ మంచిగనే ఉన్నదే!"

పొట్ట పగిలేలా నవ్వాం.

ఇప్పుడు నేనూ హైటెక్ సిటీలోనే పని చేస్తున్నాను. ఇల్లు నార్సింగిలో. పోయిన వారం నాలుగు టికెట్లు బుక్ చేశాను... అమ్మ, బాపు, సుజాత, నేను. నిజం లిస్బన్‌కే, మూడు రోజులు! ఏ కొండ ముందు, ఏ ట్రాము ఎక్కడ ఎక్కాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఏ దారి సులువు... అడిగితే, నేను చాయ్ తాగే లోపల ఫోన్‌లోని ఏఐ అంతా రాసిచ్చింది. ఒక్క తప్పు లేదు. బాచుపల్లిలో ఉండే సుజాతకు పంపాను.

వెంటనే ఫోన్ చేసింది. "ప్లాను మంచిగున్నదక్కా... ఇగ మనం కొట్లాడుకునేటందుకు ఏం లేదా?"

ట్రాములో కిటికీ పక్క సీటు ఎవరిదో ఇంకా తేలలేదు కదా అని ఆదివారం రమ్మన్నాను.

దూరపు ఊళ్ళన్నీ దగ్గరయ్యాయి... వాటి గురించి నెలల తరబడి ఊహించుకునే తీరికే ఎటో పోయింది.

మీరు కూడా అడుగు పెట్టకుండానే తిరిగొచ్చిన ఊరేదైనా ఉందా? ఉంటే చెప్పండి... అక్కడ ఏం తిన్నారో కూడా!